విమాన రాకపోకల నియంత్రణలో భద్రత - పైలట్ల ఆందోళనలు: డోన్ పరిసర గగనతలం నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
విమాన రాకపోకల నియంత్రణ ప్రధానంగా మాటపై ఆధారపడిన వ్యవస్థ. మాట అందకపోయినా, తప్పుగా అందినా, వినవలసినవారు అలసి ఉన్నా ప్రమాదానికి దారి ఏర్పడుతుంది. ఏటీసీగా వ్యవహరించే ఈ వ్యవస్థ గురించి పైలట్లు వ్యక్తంచేసే ఆందోళనలకు మూలం ఇదే. రైల్వేలోని లైన్ క్లియర్ పద్ధతితో పోల్చి ఈ వ్యవస్థను వివరించడం, నాలుగు ప్రమాదాల ఆధారంగా ఆ ఆందోళనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: విమానయాన భద్రత, ఏటీసీ, పైలట్, రీడ్‌బ్యాక్, డోన్, నల్లమల, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:
ద్రోణాచలంగా కూడా ప్రసిద్ధమైన డోన్ రాయలసీమలో ముఖ్యమైన రైల్వే జంక్షన్. కర్నూలు, గుత్తి, నంద్యాల వైపు సాగే మార్గాలు ఇక్కడ కలుస్తాయి. ఇటువంటి స్టేషన్లలో రైలు బయలుదేరాలంటే ముందున్న స్టేషను నుండి లైన్ క్లియర్ రావాలి. బ్లాక్ సెక్షనులో ఒక రైలు ఉండగా మరొక రైలును అనుమతించరాదన్నది ఈ పద్ధతికి ప్రాణసూత్రం. పూర్వం ఒంటి లైను మార్గాల్లో డ్రైవరు చేతికందిన టోకెనే ఆ అనుమతికి రుజువు.

ఇదే ప్రాంతం మీదుగా ఆకాశంలోనూ రాకపోకలు సాగుతున్నాయి. హైదరాబాద్, బెంగళూరుల మధ్య సరళరేఖ గీస్తే డోన్ దానికి చేరువలోనే ఉంటుంది. 2021 మార్చిలో ఓర్వకల్లు వద్ద ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం ప్రారంభమైంది. అయితే ఆకాశంలో పట్టాలు లేవు, చేతికందే టోకెను లేదు. విమానం రైలువలె నడిమధ్యలో నిలిచి అనుమతికై వేచి ఉండలేదు. అక్కడ టోకెను స్థానంలో ఉన్నది మాట మాత్రమే.

2. నియంత్రణ వ్యవస్థ - పనితీరు:
భారతదేశంలో విమాన మార్గనిర్దేశ సేవలను ప్రధానంగా భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ అందిస్తుంది. భద్రతా నియమాలను డీజీసీఏ రూపొందిస్తుంది. రన్‌వే, దాని పరిసరాలు టవర్ అధీనంలో ఉంటాయి. విమానాశ్రయానికి చేరువయ్యే, అక్కడి నుండి దూరమయ్యే విమానాలను అప్రోచ్ విభాగమూ, మార్గమధ్యంలోని విమానాలను ఏరియా కంట్రోల్ విభాగమూ పర్యవేక్షిస్తాయి. రాయలసీమ గగనతలం చెన్నై విమాన సమాచార ప్రాంతంలో అంతర్భాగం. విమానం ఒక విభాగం హద్దు దాటేటప్పుడు దాని బాధ్యత మరొక కంట్రోలరుకు బదిలీ అవుతుంది. లైన్ క్లియర్ వంటి ఏర్పాటు ఇదే.

29,000 నుండి 41,000 అడుగుల మధ్య విమానాల నడుమ నిలువుగా 1,000 అడుగుల ఎడం ఉంటే చాలునన్న నియమం భారత గగనతలంలో 2003 నవంబరు నుండి అమలులో ఉంది. రాడార్ పర్యవేక్షణలో అడ్డంగా పాటించే ఎడం పలుచోట్ల 5 నాటికల్ మైళ్ళు, అనగా సుమారు 9.3 కిలోమీటర్లు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఒకే ఎత్తులో ఎదురెదురుగా వస్తే ఈ దూరం 19 సెకన్లలోపే తరిగిపోతుంది. తప్పును గుర్తించి, చెప్పి, సరిదిద్దడానికి ఉన్న వ్యవధి అంతే.

3. ఆదేశం - రీడ్‌బ్యాక్:
కంట్రోలరు ఇచ్చిన ఆదేశాన్ని పైలట్ తిరిగి చెప్పడాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. దానిని కంట్రోలరు విని సరిచూడాలి. ఈ మూడు దశల్లో ఏది లోపించినా ఆదేశం అసంపూర్ణమే. ఒకే విధంగా ధ్వనించే కాల్ సైన్‌లు, ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు కలిగే ధ్వని అవరోధం పైలట్లకు నిత్యం ఎదురయ్యే చిక్కులు.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. పొగమంచు, అస్పష్టమైన పదజాలం, ఒకదానిపై ఒకటి పడిన రేడియో సందేశాలు అందుకు దోహదం చేశాయి. ఆ తరువాత ‘టేకాఫ్’ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడు లేదా రద్దుచేసేటప్పుడు మాత్రమే వాడాలని, ఇతర సందర్భాల్లో ‘డిపార్చర్’ అనాలని నియమం ఏర్పడింది. ఒక్క పదం వాడుకను కూడా భద్రతాంశంగా పరిగణించవలసి వచ్చిందని దీనివల్ల గ్రహించవచ్చు.

4. కంట్రోలరుకు కనిపించని ఎత్తు:
1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానానికి 15,000 అడుగులు, సౌదీ విమానానికి 14,000 అడుగులు కేటాయించారు. కజక్ విమానం తనకు కేటాయించిన ఎత్తు కంటే కిందికి దిగింది. అప్పటి ఢిల్లీ రాడార్ విమానాల ఎత్తును చూపలేకపోయింది. అందువల్ల కంట్రోలరు పైలట్ చెప్పిన మాటనే నమ్మవలసి వచ్చింది. లహోటీ కమిషన్ విచారణ అనంతరం రాకకూ పోకకూ వేర్వేరు మార్గాలు, ఎత్తును తెలిపే సెకండరీ రాడార్, విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే పరికరం అమలులోకి వచ్చాయి.

5. సిబ్బంది కొరత, అలసట:
2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ సమీపంలో రెండు విమానాలు ఢీకొని 71 మంది మరణించారు. ఆ సమయంలో ఒక్క కంట్రోలరే రెండు స్థానాల పని చూస్తున్నారు. రాడార్ వ్యవస్థకు, టెలిఫోన్‌లకు మరమ్మతులు జరుగుతున్నాయి. ఒక విమానంలోని హెచ్చరిక పరికరం పైకి వెళ్ళమనగా కంట్రోలరు కిందికి దిగమన్నారు. పైలట్లు కంట్రోలరు మాటనే పాటించారు. అటువంటి వైరుధ్యం ఏర్పడితే పరికరం సూచననే అనుసరించాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తరువాత స్పష్టంచేసింది.

ఈ ఉదంతంలో పైకి కనిపించేది ఒక వ్యక్తి పొరపాటు. దాని వెనుక ఉన్నది ఒకరితో ఇద్దరి పని చేయించిన ఏర్పాటు. భారతదేశంలోనూ కంట్రోలర్ల కొరతను, వారిపై పెరుగుతున్న పనిభారాన్ని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ప్రస్తావించింది. అదే ఏడాది నవంబరులో ఢిల్లీలో విమాన ప్రణాళికల సందేశాలను చేరవేసే వ్యవస్థ విఫలం కావడంతో కంట్రోలర్లు ఆ పనిని చేతితో చేయవలసి వచ్చింది. వందలాది విమానాలు ఆలస్యమయ్యాయి.

6. నల్లమల చెప్పే పాఠం:
విమానాలు మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాలు దాదాపు సరళరేఖలో ప్రయాణిస్తాయి. సమతల భూమిపై 35,000 అడుగుల ఎత్తు నుండి సుమారు 425 కిలోమీటర్ల వరకు అందే సంకేతం, 1,000 అడుగుల నుండి సుమారు 70 కిలోమీటర్లకే పరిమితం. నడుమ కొండలుంటే ఆ దూరం మరింత తగ్గుతుంది. కనుక డోన్ మీదుగా ఎత్తున పోయే జెట్ విమానానికీ, నల్లమల కొండల నడుమ తక్కువ ఎత్తులో పోయే హెలికాప్టరుకూ అందే నియంత్రణ సేవ ఒకటి కాదు.

2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టరు కర్నూలు జిల్లా పావురాలగుట్ట వద్ద కూలిపోయింది. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో సహా ఐదుగురు మరణించారు. ప్రతికూల వాతావరణంలో బలమైన అధోగామి గాలుల వల్ల అదుపు తప్పడాన్ని, పైలట్ల దృష్టి ఆయిల్ ప్రెషర్ సమస్యపై నిమగ్నం కావడాన్ని ఆర్.కె. త్యాగి కమిటీ ప్రస్తావించింది. ప్రమాదానికి ఏటీసీ కారణమని చెప్పడానికి వీలులేదు. అయితే శిథిలాలు కనిపించింది మరునాటి ఉదయం. వందలాది మంది గాలించినా ఒక ముఖ్యమంత్రి హెలికాప్టరు జాడకు దాదాపు ఒక దినం పట్టడం గమనార్హం.

విమానాలను వేరుచేయడంతో ఈ సేవ బాధ్యత ముగియదు. ఆపదను గుర్తించి రక్షణ బృందాలను అప్రమత్తం చేయడమూ అందులో భాగమే. నిర్ణీత సమయం దాటిన 30 నిమిషాల్లోగా సమాచారం రాకపోతే విమానాన్ని అనిశ్చిత దశలో ఉన్నట్లు పరిగణించాలి. తరువాతి ప్రయత్నాలూ ఫలించకపోతే అప్రమత్త దశ, ఆపై ఆపద దశ వస్తాయి. ఈ గడియారం సకాలంలో మొదలుకావాలంటే ఏ నిమిషంలో విమానం ఎవరి బాధ్యతలో ఉన్నదో రెండు కేంద్రాలకూ తెలిసి ఉండాలి.

7. ఆందోళనను తెలియజేసే అవకాశం:
ప్రమాదం తృటిలో తప్పిన ఘటన ఎవరూ నివేదించకపోతే మరుగున పడిపోతుంది. పైలట్ చెబితే సంస్థకు కోపం, కంట్రోలరు ఒప్పుకుంటే శిక్ష అన్న భయం ఉన్నచోట నివేదికలు రావు. నిజాయితీగల పొరపాటును, ఉద్దేశపూర్వక ఉల్లంఘనను వేరుగా చూడాలన్న సూత్రాన్ని ‘జస్ట్ కల్చర్’ అంటారు. పైలట్ ఆందోళన కంట్రోలరుపై ఫిర్యాదు కాదు. తన కంటికి కనిపించని దానిని చూసే వ్యక్తికి తగిన విశ్రాంతి, పరికరాలు, తోడు ఉండాలన్న కోరిక.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• విమాన నియంత్రణలో రీడ్‌బ్యాకే టోకెను. దానిని వినడం కూడా చెప్పడమంత బాధ్యత.
• సాంకేతిక పరికరాలు మాటకు తోడు నిలుస్తాయి, దాని స్థానాన్ని పూర్తిగా భర్తీ చేయవు.
• సిబ్బంది కొరత పరిపాలనాంశం మాత్రమే కాదు, ప్రత్యక్ష భద్రతాంశం.
• చిన్న విమానాశ్రయాలు, హెలికాప్టరు ప్రయాణాలు పెరుగుతున్న రాయలసీమ వంటి ప్రాంతాలలో తక్కువ ఎత్తులో రేడియో, నిఘా సేవల విస్తరణ అవసరం.

రైల్వేలో లైన్ క్లియర్ రాకపోతే రైలు ఆగిపోతుంది. ఆకాశంలో మాట అందకపోయినా విమానం ముందుకు సాగుతూనే ఉంటుంది. పైలట్ల ఆందోళనను వ్యక్తిగత అసంతృప్తిగా కాక వ్యవస్థ ఇస్తున్న ముందస్తు హెచ్చరికగా స్వీకరించవలసింది ఇందుకే.