గాజు గొట్టంలో ధ్రువ మేఘాలు

"నాన్నా, పాత ఫ్రిజ్‌లు మన ఇళ్ళల్లో ఉంటే, ఓజోను పొరకి చిల్లు మాత్రం ఊళ్ళే లేని అంటార్కిటికా మీద ఎందుకు పడింది?" అని అడిగింది మా అమ్మాయి. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ పని; వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తీరిక చూసుకుని చదివితే తెలిసిన సంగతులు ఇవి.

ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాలలో ఒకప్పుడు వాడిన సీఎఫ్‌సీల నుంచి వచ్చే క్లోరిన్ ఓజోనుని తినేస్తుందని మోలినా, రోలండ్ 1974లోనే హెచ్చరించారు. చిల్లు సంగతి బయటపడినది 1985లో. అయితే పైన ఉన్న క్లోరిన్‌లో చాలా భాగం హైడ్రోజన్ క్లోరైడు, క్లోరిన్ నైట్రేటు అనే రెండు సాధు పదార్థాలలో బందీగా ఉంటుంది. ఉత్త గాలిలో ఆ రెండూ ఎదురుపడినా పలకరించుకోవు. మరి తలుపు తీసినదెవరు?

అంటార్కిటికా చలికాలంలో, 15 నుంచి 25 కిలోమీటర్ల ఎత్తున, పల్చటి మేఘాలు కడతాయి. ఆ మేఘకణాలే ఈ రెండింటికీ రచ్చబండ అని సూసన్ సాలమన్ బృందం 1986లో ప్రతిపాదించింది.

ఊహ సరే, రుజువేదీ? 1987లో కాలిఫోర్నియాలో రెండు బృందాలు, జెట్ ప్రొపల్షన్ లాబరేటరీలో మోలినా, ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్‌లో మార్గరెట్ టోల్బర్ట్, అంత చలినీ ప్రయోగశాలలో పుట్టించి, ఈ వాయువులని మంచుకి తగిలించి చూశారు. క్లోరిన్ వాయువు బయటికి వచ్చింది! వసంతంలో ఎండ పడగానే అది పరమాణువులుగా విడిపోయి ఓజోను మీద పడుతుంది.

ఆ మేఘాలు దేనితో కడతాయి? అక్కడి గాలిలో ఒట్టి నీటి మంచు గడ్డకట్టాలంటే సుమారు మైనస్ 85 డిగ్రీల సెల్సియస్ కావాలి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హాన్సన్, మావర్స్‌బర్గర్ 1988లో ఆవిరి పీడనాలు కొలిచి, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం, మూడు పాళ్ళు నీరు కలిసిన స్ఫటికం మైనస్ 78 దగ్గరే నిలవగలదని చూపించారు. తరవాత 1990లలో మరొకటి తేలింది: చాలా కణాలు గడ్డకట్టనే కట్టవు. సల్ఫ్యూరిక్ ఆమ్లపు తుంపరలు నైట్రిక్ ఆమ్లాన్నీ నీటినీ పీల్చుకుని, ద్రవంగానే ఉబ్బుతాయి.

మా అమ్మాయికి జవాబు ఇదే: సీఎఫ్‌సీలు లోకమంతా పరుచుకున్నాయి, ఏటా అంత చలి, అన్నాళ్ళపాటు, ఉండేది మాత్రం అక్కడే.

సాఫ్ట్‌వేర్‌లో తప్పుని మన కంప్యూటరు మీద మళ్ళీ పుట్టించి చూపేదాకా ఎవరూ ఒప్పుకోరు. ఈ ప్రయోగాలు చేసినదీ ఆ పనే. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందాన్ని 1990లో లండన్‌లో బిగించేనాటికి ఈ రుజువులు చేతిలో ఉన్నాయి. ఒప్పందాన్ని ఇలాగే పాటిస్తే సుమారు 2066కి అక్కడి ఓజోను 1980 నాటి స్థితికి చేరుతుందని 2022 నాటి అంచనా. అప్పటికి మా అమ్మాయి నా ఇప్పటి వయసు దాటుతుంది. చిల్లు పూడిన కబురు తను వినాలి.