డిస్కు కూర్చునే చోటు

ముందు చక్రాలకు కొత్త బ్రేకు డిస్కులు, ప్యాడ్లు వేయించిన కారు మొదట్లో నిశ్చలంగా నడిచి, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన తరువాత, గంటకు 80 నుంచి 110 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగ్ చేతుల్లో కొట్టుకోవడం మోటారు మరమ్మతులో తరచూ ఎదురయ్యే చిక్కు. ‘డిస్కు బెండయింది’ అన్నది దీనికి షెడ్డులో సిద్ధంగా దొరికే సమాధానం. ఆ మాట నమ్మి మళ్లీ డిస్కులు మార్పించిన బండికి అంతే దూరం తిరిగేసరికి అదే వణుకు తిరిగి వస్తుంది. డిస్కు బ్రేకుకు పుట్టుకతో వచ్చిన స్వభావం ఒకటి ఉంది. అది తెలిస్తే తప్ప ఈ ముడి విడదు.

చక్రంతో పాటు తిరిగే పలుచని లోహపు బిళ్లను రెండు వైపుల నుంచి నొక్కి బండిని ఆపే విధానానికి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కార్లు తయారు చేసిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందాడు. ఆయన నొక్కుడు బిళ్లలకు రాగిని వాడగా, లోహం మీద లోహం రాసుకుని చెవులు చిల్లులు పడే కీచుమోత పుట్టింది; ఆనాటి మట్టిరోడ్ల దుమ్ము చేరి రాగి త్వరగా అరిగిపోయింది. ఇదే కాలంలో ఫ్రాన్సులో లూయీ రెనో రూపుదిద్దిన డ్రమ్ము బ్రేకు, గుండ్రని డిప్పలో అర్ధచంద్రాకారపు దిమ్మెలు లోపలి నుంచి బయటికి ఒత్తుకునే ఏర్పాటు కావడం వల్ల దుమ్ము నుంచి రక్షణ పొందడమే కాక, తిరిగే డ్రమ్మే దిమ్మెను తనలోకి లాక్కోవడం వల్ల కాలి బలం తక్కువైనా బాగా పట్టింది. డిస్కుకు ఈ స్వయం సహాయం లేదు కనుక, బ్రేకు నూనె ద్వారా ఒత్తిడిని పెంచి పంపే హైడ్రాలిక్ పద్ధతి స్థిరపడే దాకా అది కార్లలో వెనకబడే ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమాన చక్రాలకు అమర్చి పరీక్షకు నిలిచిన తరువాత డిస్కు మళ్లీ రోడ్డుకెక్కింది. అమెరికాలో క్రాస్లీ అనే చిన్న కారుకు 1949లో దాన్ని అమర్చారు గాని, మంచు కరిగించడానికి రోడ్లపై చల్లే ఉప్పు దాని భాగాలను తినేయడంతో త్వరలోనే ఉపసంహరించుకున్నారు. దాని సత్తా లోకానికి తెలిసింది 1953 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్స్ పట్టణంలో జరిగిన 24 గంటల పందెంలో. డన్లప్ సంస్థ తయారు చేసిన డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ కారును టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ వంతుల వారీగా నడిపి, సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో గెలిచారు. ఆ పందెంలో సగటు వేగం గంటకు 100 మైళ్లు దాటడం అదే మొదటిసారి. ఎంత వేగంగా పరుగెత్తగలదన్న దాని కంటే మలుపు ముందు ఎంత ఆలస్యంగా బ్రేకు తొక్కగలదన్నదే ఆ కారును గెలిపించిందని చెప్పడం సమంజసం. రెండేళ్ల తరువాత, 1955లో, సిత్రోయెన్ డిఎస్ కారుతో ముందు చక్రాల డిస్కు బ్రేకు సామాన్య కొనుగోలుదారులకూ అందింది.

బ్రేకు పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. 1,200 కిలోల బరువున్న కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే పుట్టే వేడి, ఒకటిన్నర లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి దిమ్మెలకు దూరంగా జరుగుతుంది కనుక పట్టు సడలుతుంది. డిస్కు వ్యాకోచిస్తే ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి తెరుచుకుని ఉండటం వల్ల త్వరగా చల్లారుతుంది.

ఈ మేలుతో పాటు వచ్చిన స్వభావం ఏమిటంటే, డ్రమ్ము దిమ్మెలను వెనక్కి లాగే గట్టి స్ప్రింగుల వంటివి డిస్కు ప్యాడ్లకు లేకపోవడం. ప్యాడ్లను నొక్కే భాగాన్ని క్యాలిపర్ అంటారు. అందులోని పిస్టను చుట్టూ ఉండే రబ్బరు వలయం, పిస్టను ముందుకు కదిలినప్పుడు దానితో పాటు కొద్దిగా మెలిపడి, కాలు తీయగానే యథాస్థితికి వస్తూ దాన్ని మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే వెనక్కి లాగుతుంది. ప్యాడుకూ డిస్కుకూ నడుమ మిగిలే సందు అంతే. సైకిల్ షాపులో చక్రాన్ని గాల్లో తిప్పి, బ్రేకు రబ్బర్ల మధ్య రిమ్ము ఏ చోట పక్కకు ఊగుతుందో చూసి, అక్కడి స్పోకులు బిగించి బెండు తీయడం అందరూ చూసిందే. డిస్కులో అటువంటి ఊపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దాటితే చాలు, ముప్పు మొదలవుతుంది కాబట్టి కంటికి కనిపించదు.

అయితే ఊపు ఉన్నంత మాత్రాన స్టీరింగ్ వణకదు. చాలా కార్లలో క్యాలిపర్ పక్కకు జారగలిగే పిన్నుల మీద నిలిచి డిస్కు ఊపును అనుసరిస్తుంది; మరమ్మతు చేయించిన కొత్తలో బండి నిశ్చలంగా ఉండటానికి కారణం ఇదే. హాని బ్రేకు తొక్కని సమయంలోనే జరుగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ డిస్కులో పక్కకు పొడుచుకొచ్చిన చోటు ప్యాడును తాకి పోతుంది. చుట్టుకొలత 1.9 మీటర్లకు కాస్త ఎక్కువగా ఉండే చిన్న కారు చక్రం కిలోమీటరుకు 500 సార్లకు పైగా తిరుగుతుంది కనుక, 5,000 కిలోమీటర్లలో ఆ ఒక్క చోటే 25 లక్షలకు పైగా రాపిళ్లు పడతాయి. అలా డిస్కు చుట్టూ మందం ఒకే రీతిగా ఉండక, కొన్ని చోట్ల 10, 20 మైక్రాన్లు తగ్గుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, తల వెంట్రుక మందంలో చాలా చిన్న భాగం. ఇక బ్రేకు తొక్కితే, మందమైన చోట పట్టు బిగిసి, పలుచని చోట సడలుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ బిగింపు సెకనుకు సుమారు 14 సార్లు, పలుచని చోట్లు రెండుంటే దానికి రెట్టింపు సార్లు కలుగుతుంది. ముందు చక్రాల సస్పెన్షనుకూ స్టీరింగుకూ సహజమైన ఊగు తరచుగా ఈ పరిధిలోనే ఉండటం వల్ల, ఉయ్యాలను సరైన అదనులో తోసినట్లుగా, చిన్న అదురు ఒక వేగం దగ్గర పెద్ద వణుకవుతుంది. అంతకంటే నెమ్మదిగా వెళ్తున్నప్పుడు దాని జాడ ఉండకపోవచ్చు.

డిస్కుకు ఊపు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న. డిస్కు కూర్చునేది హబ్ ముఖం మీద. బేరింగుతో కలిసి తిరిగే ఆ చదునైన ఉక్కు బిళ్ల మీద, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల, తుప్పు పొరలుగా కడుతుంది. దాన్ని గోకకుండా కొత్త డిస్కు వేస్తే, ఒక అంచున ఉన్న తుప్పు రేణువు డిస్కును ఒక పక్కకు ఎత్తుతుంది. డిస్కు వ్యాసం హబ్ వ్యాసం కంటే పెద్దది కావడం వల్ల, అంచు దగ్గర ఆ ఎత్తు దాదాపు రెట్టింపు ఊపుగా కనిపిస్తుంది. చక్రం నట్లను గాలి తుపాకీతో ఒక్కొక్కటి ఒక్కో బిగువుగా బిగించడం కూడా డిస్కును వాలుస్తుంది. ఎంత ఖరీదైన డిస్కయినా తాను కూర్చున్న చోటు కంటే తిన్నగా తిరగలేదు.

రోగ నిర్ణయం బ్రేకుతో సంబంధం లేని వాటిని తొలగించడంతో మొదలు కావాలి. బ్రేకు తొక్కకున్నా వణుకు ఉంటే, చక్రం విప్పి బిగించేటప్పుడు రిమ్ము మీది బ్యాలెన్సింగ్ సీసం ముక్క ఊడిపోవడమో, చక్రం హబ్ నడుమ సరిగా కూర్చోకపోవడమో, టైరు ఉబ్బడమో కారణమై ఉంటుంది. బ్రేకు తొక్కినప్పుడే వణుకు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలను, సీటులో తెలిస్తే వెనక చక్రాలను అనుమానించాలి; పెడలు కూడా పాదం కింద కొట్టుకుంటే డిస్కు మందంలో తేడా ఉన్నట్లు బలమైన సూచన. కాసేపు నడిపిన తరువాత ఒక చక్రం మరోదానికంటే బాగా వేడెక్కి ఉంటే, అక్కడి క్యాలిపర్ పిన్నులు తుప్పుతో పట్టేసి ప్యాడు డిస్కును వదలడం లేదని అర్థం. అరిగిన బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు, పగిలిన రబ్బరు బుష్‌లు వణుకును పుట్టించకున్నా పెంచుతాయి కనుక వాటినీ కదిపి చూడాలి.

తరువాత కొలత. చక్రం విప్పి, డిస్కును నట్లతో హబ్‌కు సమంగా బిగించి, డయల్ గేజ్ ముల్లును అంచుకు 10 మిల్లీమీటర్ల లోపల ఆనించి, డిస్కును చేత్తో నెమ్మదిగా తిప్పితే ఊపు తెలుస్తుంది. మైక్రోమీటరుతో చుట్టూ 8 చోట్ల కొలిస్తే మందంలో తేడా తెలుస్తుంది. ఊపు ఉంటే డిస్కును తీసి హబ్ ముఖాన్నే గేజ్‌తో చూడాలి, లోహం మెరిసే దాకా తుప్పు గోకాలి, అప్పటికీ మిగిలితే డిస్కును ఒక నట్టు స్థానం తిప్పి మళ్లీ కొలవాలి. హబ్ వాలు, డిస్కు వాలు ఎదురెదురుగా వచ్చి ఒకదానినొకటి రద్దు చేసుకునే స్థానం చాలాసార్లు ఇలా దొరుకుతుంది. తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో, ఎదురెదురు నట్లను వంతులవారీగా బిగించడం ఇందులో భాగమే.

మందం తేడాకు అరుగుదల ఒక్కటే మూలం కాదు. తిరుమల, శ్రీశైలం వంటి ఘాట్ రోడ్లు దిగి, కాలుతున్న డిస్కును ప్యాడ్లు గట్టిగా పట్టి ఉంచగా బండి నిలబడిపోతే, ప్యాడు పదార్థం ఆ చోట అచ్చులా అంటుకుంటుంది. మళ్లీ మళ్లీ బాగా వేడెక్కిన ఆ మచ్చల కింద పోత ఇనుము సిమెంటైట్ అనే గట్టి రూపానికి మారి, చుట్టుపక్కల లోహం అరిగినా తాను అరగక గుట్టలా మిగులుతుంది. కొత్త ప్యాడ్లు వేసిన వెంటనే, మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆపకుండా చాలాసార్లు వేగం తగ్గించి, నడుమ చల్లారనిస్తే, ఆ పదార్థం డిస్కు అంతటా సమంగా పరుచుకుంటుంది.

అరిగిన డిస్కును విప్పి లేత్ మీద పట్టించే అలవాటు చాలా చోట్ల ఉంది. అక్కడ డిస్కు లేత్ ఇరుసుకు తిన్నగా అవుతుందే తప్ప, అది తిరిగి కూర్చోబోయే హబ్‌కు కాదు. అందువల్లే డిస్కును బండి మీదే ఉంచి, దాని సొంత హబ్ మీదే తిప్పుతూ చెక్కే లేత్‌లను తయారు చేశారు. వాటితో చెక్కినప్పుడు హబ్‌లో ఉన్న స్వల్పమైన వాలు కూడా లెక్కలోకి వచ్చి, మందం కనీస పరిమితి కంటే తగ్గనంత వరకు పాత డిస్కే తిన్నగా తిరుగుతుంది.