రొమ్ము క్యాన్సర్ చికిత్సానంతరం చేతివాపు – జలవ్యాయామం

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకొని కోలుకొంటున్న సోదరీమణులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "చేయి వాచింది. వేడినూనెతో మర్దన చేసి కాపడం పెట్టవచ్చునా?" వద్దనియే నా సమాధానం. దానికి బదులు తగిన నీటిలో మెల్లగా వ్యాయామం చేయుట మేలు.

వాపు ఎందుకు వచ్చును?

చంకలోని లింఫు గ్రంథులను తొలగించినను, వానికి రేడియేషన్ ఇచ్చినను, చేతినుండి శోషరసం వెనుకకు మరలు దారులు తగ్గును. ద్రవం నిలిచి చేయి వాచును. ఇది నెలలకు గాని, ఏండ్లకు గాని కనిపించవచ్చును. వేడి తగిలినచో రక్తప్రసరణ హెచ్చి ద్రవం మరింత చేరును. చరక సంహితలోని పదమూడు స్వేదవిధములలో అవగాహం, అనగా వేడి ద్రవములో మునుగుట, ఒకటి. ఈ వాపునకు అది తగదు. నీరు కావలెను గాని స్వేదం కారాదు.

నీరు చేయు మేలు

నీటిలో చేయి తేలును గనుక బిగిసిన భుజమును కదల్చుట సులభమగును. లోతుతోపాటు నీటి ఒత్తిడి పెరుగును. 30 సెంటీమీటర్ల లోతున అది సుమారు 22 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానం. వ్రేళ్లు లోతున, భుజం పైన ఉన్నప్పుడు ఈ తేడా ద్రవమును పైకి నెట్టును.

ఇజ్రాయెల్ ఫిజియోథెరపిస్టు డోరిట్ టిధార్ దీని ఆధారంగా ఒక పద్ధతిని రూపొందించినారు. 2010లో వెలువడిన ఆమె పరిశోధనలో, వ్యాయామం ముగియగానే వాపు తగ్గినది. కాని ఆ తగ్గుదల దీర్ఘకాలం నిలువలేదు. కనుక ఇది వాపును అదుపులో నుంచు సాధనమే గాని, సమూల నివారణ కాదు.

"వాచిన చేతితో బరువెత్తరాదు" అను పాత నమ్మకమును అమెరికాలో కాత్రిన్ ష్మిట్జ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధన సడలించినది. పర్యవేక్షణలో క్రమక్రమంగా బరువులెత్తిన స్త్రీలకు వాపు హెచ్చలేదు.

చేయు విధానం

నీరు 32–33 డిగ్రీల సెల్సియస్ ఉండవలెను. ఒంటికి వేడిగా తోచరాదు. భుజముల లోతున నిలబడవలెను. ఈత రానవసరం లేదు, కాని తోడు ఒకరుండవలెను. మొదట దీర్ఘశ్వాస, పిదప మెడ, భుజములు, మోచేయి, చివరకు వ్రేళ్లు – ఈ వరుసలో నెమ్మదిగా కదల్చవలెను. పైదారి తెరచుకొనిన పిమ్మటనే క్రింది ద్రవం కదలును. బయటకు రాగానే చేయి తుడుచుకొని, వైద్యులు సూచించిన బిగుతు తొడుగు ధరించవలెను.

ఈతకొలను లేనివారు ఇదే వరుసను ఇంట కూర్చుండి చేయవచ్చును. నీటి ఒత్తిడి లభించదు గాని భుజం బిగియకుండును.

జాగ్రత్తలు

గాయం మానని వారు, రేడియేషన్‌చే చర్మం చిట్లినవారు, జ్వరమున్నవారు నీటిలో దిగరాదు. శుభ్రముకాని చెరువునీరు, బావినీరు పనికిరావు. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినచో ఇంటివైద్యముతో కాలయాపన చేయక ఆనాడే వైద్యుని చూడవలెను. శస్త్రచికిత్స చేసిన వైద్యుల అనుమతితో, ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకొనిన తరువాతనే ఈ వ్యాయామం ఆరంభింపుడు.