రంగుల ఎంపిక: అందమును, అవసరమును

రంగులయందు మనుష్యులకు గల మక్కువ ప్రాచీనమైనది. ఒక సంస్థ పేరు మరచినవారు సైతము దాని రంగును జ్ఞాపకముంచుకొందురు. కావుననే సంస్థలు తమ చిహ్నమునకు, పత్రములకు, వెబ్‌సైటునకు ఒకే రంగుల కూర్పును నిర్ణయించుకొనుచున్నవి. అయితే ఆ నిర్ణయమునకు ఆధారమేమి?

మా కళాశాల వెబ్‌సైటునకు రంగులను సూచింపుమని పెద్దలు కోరినప్పుడు, మేము ఉపకార వేతనముల ప్రకటన నొకదానిని నమూనాగా సిద్ధపరచితిమి. ఆకుపచ్చ నేలపై తెల్లని అక్షరములు. చివరి తేదీ మాత్రము ఎర్రని అక్షరములలో. చూచినవారు మెచ్చుకొనిరి. మా సహాధ్యాయి ఒకడు మాత్రము చాలసేపు చూచి, “చివరి తేదీ ఎక్కడ వ్రాసినారు?” అని అడిగెను. పరిహాసమనుకొని నవ్వితిమి. అతనికి ఎరుపు, ఆకుపచ్చల భేదము సరిగా తెలియదు. వెనుక ఒక కార్యాలయపు ప్రకటనలో ఇట్లే తేదీ కానరాక, ఒక సంవత్సరపు ఉపకార వేతనమును పోగొట్టుకొంటినని అతడు చెప్పగా మా నవ్వు ఆగిపోయినది.

కంటి లోపలి పొరలో రంగులను గ్రహించు కణములు మూడు విధములు. వీనిలో ఒక విధమైనవి లోపించినను, మార్పు చెందినను వర్ణాంధత్వము కలుగును. ఎరుపు, ఆకుపచ్చలకు సంబంధించిన లోపము స్త్రీలకంటె పురుషులలో అధికము.

అట్టివారికి తోడ్పడునది వెలుగు నీడల భేదము. అక్షరమునకు, నేలకు గల ఈ భేదమును అంకెలలో కొలువవచ్చును. తెలుపుపై నలుపునకు అది 21 రెట్లు. 2008లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ప్రకటించిన ప్రమాణముల ప్రకారము సాధారణ అక్షరములకు కనీసము 4.5 రెట్లుండవలెను. మా నమూనాలోని ఎర్రని తేదీకి వచ్చినది సుమారు 1.3 మాత్రమే.

మన రెండు లిపులకును ఈ జాగ్రత్త మరింత అవసరము. ఉర్దూలో బే, పే, తే అక్షరములకు భేదము చుక్కలే. తెలుగులో థకారమును ధకారమునుండి వేరుచేయునదియు ఒక చుక్కయే. లేత రంగులో చుక్క మాసిపోయిన అక్షరమే మారిపోవును.

ఇక రంగులెన్ని యుండవలెను? కంప్యూటరు తెర 1,67,77,216 రంగులను చూపగలదు. మచిలీపట్నము కలంకారీ పనివారు పూర్వము చిరివేరు ఎరుపు, నీలిమందు నీలము, ఇనుమును బెల్లపు నీటిలో నానవేసి తీసిన నలుపు మొదలైన కొలది రంగులతోనే దేశాంతరముల మెప్పు పొందిరి. సంస్థకును మూడు రంగులు చాలును. నూటికి అరువది పాళ్లు నేలకు, ముప్పది ప్రధాన వర్ణమునకు, పది ముఖ్యాంశములను చూపు రంగునకు కేటాయించుట వాడుకలోనున్న పద్ధతి.

మరియొక సంగతి. తెర కాంతితో రంగును చూపును. ముద్రణాలయము సిరాతో చూపును. తెరపై మెరయు ఆకుపచ్చ కాగితముపై మందగించును. కనుక ఎంచుకొన్న రంగును ముద్రించి చూచిన పిమ్మటనే స్థిరపరుపవలెను.

మేము నమూనాను మార్చితిమి. తెల్లని నేలపై ముదురు ఆకుపచ్చ అక్షరములుంచగా భేదము 7 రెట్లు దాటినది. తేదీని రంగుకే విడువక, లావు అక్షరములలో గడికట్టి, పైన “చివరి తేదీ” అని వ్రాసితిమి. ఆ సహాధ్యాయి దానిని చూచిన వెంటనే చదివెను.

నోటీసు బోర్డుపై, కరపత్రముపై, పోటీల పోస్టరుపై రంగులు వేయు మిత్రులు, వానిని ఆమోదించు పెద్దలు, ఒక్కసారి ఆ కాగితమును నలుపు తెలుపులలో నకలు తీయించి చూడగోరుచున్నాము. అందులో చదువ వీలుకాని మాట, మనలో కొందరికి అసలు చేరని మాట.