ఒకే ఆవిరికి రెండు కొలువులు

మా రాజోలి పక్కనే తుంగభద్ర మీద సుంకేసుల కట్ట. అక్కడ మొదలయ్యే కె.సి. కాలువను 1860లలో తవ్వింది పొలాల కోసమే కాదు, పడవలు నడపడానికి కూడా. క్లాసులో ఈ ముచ్చట వచ్చినప్పుడు ఒక పిల్లవాడు లేచాడు. "సార్, అప్పటికే ఆవిరి ఓడలున్నాయి కదా! నడిసముద్రంలో బొగ్గు అయిపోతే ఏం చేసేవాళ్లు?"

తెరచాప ఎత్తేవాళ్లు. ఆ అవసరం తగ్గించినవాడు గ్లాస్గో ఇంజనీరు జాన్ ఎల్డర్. రాబర్ట్ నేపియర్ ఇంజన్ల కార్ఖానాలో తండ్రి మేనేజరు; కొడుకు పని నేర్చుకున్నదీ అక్కడే. 1852లో చార్లెస్ రాండాల్ఫ్ కంపెనీలో భాగస్వామిగా చేరాడు.

అప్పటి ఇంజన్లలో బొగ్గు ఎక్కడ వృథా అయ్యేదో చూద్దాం. సిలిండర్‌లో ఆవిరి పిస్టన్‌ను నెడుతూ వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. దాంతోపాటు సిలిండర్ గోడ కూడా చల్లబడుతుంది. బాయిలర్ నుంచి తర్వాత వచ్చే ఆవిరిలో కొంత ఆ గోడకు తగిలి, ఏ పనీ చేయకముందే నీరైపోతుంది. చల్లటి స్టీలు గ్లాసులో పోసిన చాయ్‌లాగే వేడి కొంత పాత్రకే పోతుంది. ఎక్కువ వ్యాకోచిస్తే ఎక్కువ పని దక్కాలి. కానీ గోడ కూడా అంత ఎక్కువగా చల్లబడి, లాభాన్ని మింగేస్తుంది.

ఎల్డర్ ఆ వ్యాకోచాన్ని రెండు సిలిండర్లకు పంచాడు. చిన్నదాంట్లో పని ముగించిన ఆవిరి పెద్దదాంట్లోకి పోతుంది. అప్పటికి ఒత్తిడి తగ్గి ఉంటుంది కనుక, బలం చాలాలంటే పిస్టన్ వెడల్పు కావాలి. ఇప్పుడు ఏ ఒక్క గోడా మరీ వేడికీ మరీ చల్లదనానికీ మధ్య ఊగిసలాడదు. గోడల చుట్టూ ఆవిరి తొడుగు కూడా పెట్టాడు. నాకు మరీ నచ్చేది ఇంకోటి: ఒక పిస్టన్ ఇటు కదిలితే రెండోది అటు కదిలేలా అమర్చాడు. ఎదురెదురు తోపులు ఒకదాన్నొకటి సరిచేసుకుని, ఇరుసు బేరింగుల మీద రాపిడి తగ్గింది.

జంట సిలిండర్లు నేల మీద హార్న్‌బ్లోయర్, వూల్ఫ్ అనే ఇంజనీర్లు అంతకుముందే వాడినవే. వాటిని సముద్రం మీద గిట్టుబాటు చేసింది ఎల్డర్. 1854లో అతని ఇంజనుతో నడిచిన 'బ్రాండన్' ఓడకు గంటకు హార్స్‌పవర్‌కు సుమారు ఒకటిన్నర కిలోల బొగ్గు చాలింది. మిగతావాటికి రెండు కిలోల దాకా పట్టేది.

బ్రిటిష్ నౌకాదళం నమ్మడానికి పందెమే పెట్టాల్సి వచ్చింది. 1865లో ప్లిమత్ నుంచి మదీరా దీవికి మూడు యుద్ధనౌకలు బయల్దేరాయి: పెన్ కంపెనీ ఇంజనుతో 'అరెథూసా', మాడ్స్‌లే కంపెనీ ఇంజనుతో 'ఆక్టేవియా', ఎల్డర్ ఇంజనుతో 'కాన్‌స్టాన్స్'. ఆవిరి మీద ఏదీ గమ్యం చేరలేదు. అన్నిటికన్నా దగ్గరికి వెళ్లింది కాన్‌స్టాన్స్; ఇంకా 30 మైళ్లే మిగిలాయి.

ఓడలో బొగ్గు తగ్గితే ఆ చోటు సరుకుకు దక్కుతుంది. అంటే ఇంజను మారితే ఓడ కడుపూ మారాలి. ఇంజను ఒకరు, ఓడ ఒకరు గీస్తే ఈ లెక్క కుదరదు. ఎల్డర్ కంపెనీ 1860లో గ్లాస్గో పక్కనున్న గోవన్‌లో ఓడలు కట్టడం మొదలుపెట్టింది, తర్వాత ఫెయిర్‌ఫీల్డ్‌కు విస్తరించింది. 1869లో, 45 ఏళ్లకే ఎల్డర్ పోయాడు. కొన్ని నెలలు భార్య ఇసబెల్లా కంపెనీ నడిపింది. 1874లో అదే కంపెనీలో అలెగ్జాండర్ కిర్క్ 'ప్రొపాంటిస్' ఓడకు మూడు దశల ఇంజను బిగించాడు. రెండు సిలిండర్లు దాటి వచ్చిన ఆవిరిలోనూ ఇంకా సత్తువ మిగిలే ఉందని తేలింది.