మరమ్మతు సిద్ధమయింది, మన ఇంటికి చేరిందా?

2017 మే 12వ తేదీన వన్నాక్రై అనే పేరుగల ఒక కంప్యూటర్ కీడు ప్రపంచమంతా వ్యాపించింది. అది కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లిస్తేనే తాళం తీస్తానని తెరపై ప్రకటించింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. దాదాపు 150 దేశాలకు పాకిన ఆ కీడు మన రాష్ట్రాన్ని కూడా విడిచిపెట్టలేదు. అప్పట్లో కడపకు పొరుగున ఉన్న చిత్తూరు మొదలుకొని శ్రీకాకుళం వరకు పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి.

ఇందులో మనం ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఆ కీడు ప్రవేశించిన రంధ్రాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందే మందు సిద్ధంగా ఉంది. దానిని వేసుకున్న యంత్రాలలోకి ఆ దారిన కీడు చొరబడలేకపోయింది. వేసుకోనివి చిక్కుకున్నాయి.

ఇంతకూ ఆ రంధ్రం ఎక్కడిది? ప్రతి కంప్యూటరులోనూ, ప్రతి ఫోనులోనూ అన్నింటికంటే లోపల ఉండి పని నడిపించే భాగాన్ని కెర్నల్ అంటారు. కెర్నల్ అంటే గింజ. వేరుశనగ పండించే మన సీమవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు. పైతొక్క వేరు, లోపలి గింజ వేరు. మనం చూసే బొమ్మలు, నొక్కే గుర్తులు పైతొక్క వంటివి. జ్ఞాపకశక్తిని పంచేది, ఏ యాప్ దేనిని తాకవచ్చునో నిర్ణయించేది లోపలి గింజ. తొక్కకు మచ్చ పడితే నష్టం స్వల్పం. గింజకే పురుగు పడితే మిగిలేదేముంది?

వన్నాక్రై వాడుకున్న లోపం వినడానికి చిన్నదే. బయటి నుండి వచ్చే సమాచారం ఎంత ఉందో లెక్కగట్టే చోట పొరపాటు దొర్లింది. ఆ లెక్క ప్రకారం కెర్నల్ కొంత చోటు కేటాయించి, అంతకు మించిన సమాచారాన్ని అందులో నింపేది. సేరు పట్టే పాత్రలో రెండు సేర్లు పోస్తే గింజలు పొర్లి పక్క పాత్రలో పడినట్లు, పొర్లిన సమాచారం పక్కనున్న చోటును ఆక్రమించేది. దుర్మార్గుడు తన ఆజ్ఞలను అందులో ఇమిడ్చి పంపేవాడు. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి కీడు పాకడానికి కారణమిదే.

మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండేది లినక్స్ కెర్నల్. అందులోనూ లోపాలు బయటపడుతుంటాయి. 2007 నుండి దాగి ఉన్న ‘డర్టీ కౌ’ అనే లోపాన్ని 2016లో కనుగొన్నారు. దాని మరమ్మతును లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాశారు. పదకొండేళ్ల క్రితం దీనిని సరిచేయబోయి సరిగా చేయలేకపోయానని ఆ మరమ్మతుతోపాటే బహిరంగంగా నమోదు చేశారు. దాచిపెట్టని లోపమే బాగుపడుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

అయితే బహిరంగంగా బాగుచేయడంలో ఒక చిక్కు ఉన్నది. మరమ్మతు వెలువడగానే దుర్మార్గులు పాత దానిని, కొత్త దానిని పక్కపక్కన పెట్టి, ఏ చోట మార్పు జరిగిందో చూసి, రంధ్రం జాడ పసిగడతారు. కనుక మరమ్మతు వచ్చిన తరువాత దానిని వేసుకోకుండా గడిపే రోజులే ఎక్కువ ప్రమాదకరం.

సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని కె.సి. కాలువకు వదలినంత మాత్రాన కడప పొలం తడవదు. నడుమ ప్రతి తూమూ తెరుచుకోవాలి, పిల్లకాలువ పూడిక తీయాలి. ఫోనుకు వచ్చే మరమ్మతు కూడా అంతే. కెర్నల్ రచయితల నుండి గూగుల్‌కు, ఫోను తయారు చేసిన సంస్థకు, చివరకు మన చేతికి రావాలి. గూగుల్ 2015 ఆగస్టులో నెలనెలా భద్రతా మరమ్మతులను ప్రకటించడం మొదలుపెట్టింది. కానీ కొన్నేళ్లు గడిచాక తయారీదారులు పాత ఫోన్లకు వాటిని పంపడం మానేస్తారు.

మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? కువైట్ నుండి కొడుకు కొత్త ఫోను తెస్తే పాతది అమ్మీకో, దాదీకో చేరుతుంది. అతడు పంపే సొమ్ముకు సంబంధించిన బ్యాంకు సందేశాలు, ఓటీపీలు వచ్చేది ఆ పాత ఫోనుకే. పాస్‌పోర్టు నకళ్లు, ఆడపిల్లల ఫోటోలు ఉండేదీ అందులోనే. ఇంటి అమానతు అంతా అందరికంటే బలహీనమైన తలుపు వెనుక పెడుతున్నామన్నమాట.

‘హజ్రత్, అప్‌డేట్ చేస్తే ఫోను నెమ్మదిస్తుందట కదా?’ అని మా విద్యార్థులు అడుగుతుంటారు. ఫోను రూపురేఖలను మార్చే పెద్ద అప్‌డేట్ వేరు, భద్రతా మరమ్మతు వేరు. పాత ఫోనుకు మొదటిది బరువు కావచ్చు. రెండవది సాధారణంగా చిన్నది. మొదటిదానికి భయపడి రెండవదానిని వదులుకోవడం వివేకం కాదు.

ఈ శుక్రవారం ఇంటివారంతా కూర్చున్నప్పుడు ప్రతి ఫోనులోనూ సెట్టింగ్స్ తెరిచి ‘సెక్యూరిటీ అప్‌డేట్’ అన్నచోట ఉన్న తేదీ చూడండి. కొత్తది వచ్చి ఉంటే ముఖ్యమైన ఫోటోలను, కాగితాలను మరొక చోట భద్రపరచి, ఛార్జింగ్ పెట్టి వేసుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు ద్వారా మాత్రం ఎన్నడూ వేసుకోకండి. తేదీ ఏళ్ల క్రితం ఆగిపోయి ఉంటే బ్యాంకు యాప్‌ను, ఓటీపీలు వచ్చే సిమ్మును ఆ ఫోను నుండి తీసివేయండి. అది మాటలకు, పాఠాలు వినడానికి పనికివస్తుంది. ఇంట్లో కొత్త ఫోను ఒక్కటే ఉంటే, అది సొమ్ము సందేశాలు అందుకునే చేతిలోనే ఉండాలి.