మురుగునీరు చెప్పే పాఠం

జీవులకు, నిర్జీవ పదార్థాలకు ఉన్న లంకె పిల్లలకు బోధపడాలంటే కోల్‌కతా తూర్పు శివార్లలోని 'భేరీ'లే అసలైన తరగతి గది. నగరం వదిలిన మురుగు లోతు తక్కువ ఉన్న ఈ చేపల చెరువుల్లోకి చేరుతుంది. ఎండ తగిలి సూక్ష్మ నాచు పెరుగుతుంది, నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. ఆ ఆక్సిజన్‌తో బ్యాక్టీరియా మలినాలను విడగొట్టి నాచుకు ఎరువు అందిస్తుంది. నాచును చేపలు తింటాయి, చేపలను నగరం తింటుంది.

ఈ గుట్టును ప్రపంచానికి చాటిన ఇంజనీర్ ధ్రువజ్యోతి ఘోష్ 2018లో కన్నుమూశారు. 12,500 హెక్టార్ల ఈ చిత్తడి నేలలకు 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. అయినా ఆక్రమణల బెడద తప్పలేదు. చెరువును పూడిస్తే పోయేది నీరొక్కటే కాదు, ఆ గొలుసంతా. పిల్లలు నేర్వాల్సిన పాఠం అదే. పెద్దలు మరచిందీ అదే.